3,000 పదాలు బట్టీ పట్టినా ఇంగ్లీషు ఎందుకు చప్పగా ఉంటోంది?

మీరు రాసింది రెండుసార్లు చదివానమ్మా. నర్సీపట్నం దగ్గర పల్లెలో పదో తరగతి దాకా తెలుగు మీడియం, తర్వాత ఇంజనీరింగ్, ఇప్పుడు రుషికొండలో ఐటీ ఉద్యోగం. మాట్లాడితే పని జరిగిపోతోంది గానీ, రాసిన మెయిల్ మళ్ళీ చదువుకుంటే ఏడో తరగతి పిల్లల రాతలా ఉందన్నారు. ఐఎల్‌టీఎస్ అనే ఇంగ్లీషు పరీక్ష రైటింగ్‌లో రెండుసార్లూ 6 దగ్గరే ఆగిపోయారు. ఎవరో ఇచ్చిన 3,000 పదాల లిస్టు ఆరు నెలలు బట్టీ పట్టారు. సగం మర్చిపోయారు, మిగతా సగం ఎక్కడ వాడాలో తెలియడం లేదు. మూడు నెలల్లో అడ్వాన్స్‌డ్ వొకాబ్యులరీ, గ్రామర్ రెండూ వచ్చే దారి చెప్పమన్నారు. మచ్చుకి మీ మెయిల్లోవి మూడు వాక్యాలు కూడా ఇచ్చారు, వాటి దగ్గరికి తర్వాత వస్తాను.

నేను విశాఖలో 22 ఏళ్ళుగా ఇంగ్లీషు చెబుతున్నాను. మీలాంటి పిల్లలు ఏటా కనబడతారు, అందుకే ఉన్నమాట చెబుతున్నాను. ముందు మూడు నెలల సంగతి. భాష ఎంత వచ్చో చెప్పడానికి యూరప్ వాళ్ళు పెట్టుకున్న మెట్లు ఆరు, ఏ1 నుంచి సీ2 దాకా. మీ రాత చూస్తే బీ2 మీద ఉన్నారు. సీ1 ఎక్కాలి. ఈ ఒక్క మెట్టుకి సుమారు 200 గంటల చదువు పడుతుందని కేంబ్రిడ్జ్ పరీక్షల వాళ్ళ అంచనా. ఉద్యోగం చేసుకుంటూ రోజుకు 40 నిమిషాలకు మించి మీకు కుదరదు. లెక్క వేసుకోండి, 300 రోజులు. పది నెలలు. మూడు నెలల్లో చేయిస్తామని ఎవరైనా ఫీజు అడిగితే కట్టకండి.

ఆ 3,000 పదాల లిస్టు పక్కన పెట్టేయండి. ఎందుకంటున్నానో చెప్పాలంటే హుద్‌హుద్ దాకా వెళ్ళాలి.

2014 అక్టోబరు 12న ఆ తుఫాను మన ఊరి మీద పడింది. రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు పనిచేయలేదు, బీచ్ రోడ్డు గుర్తుపట్టలేనట్టు అయిపోయింది. కాలేజీ మళ్ళీ తెరిచిన రోజు మొదటి క్లాసులో పాఠం చెప్పాలనిపించలేదు. తుఫాను గురించి ఇంగ్లీషులో పది వాక్యాలు రాయమన్నాను. అందరూ కళ్ళారా చూసిందే, ఇంట్లో అనుభవించిందే. వచ్చిన కాగితాలు దాదాపు ఒకేలా ఉన్నాయి. "సైక్లోన్ కేమ్. మెనీ ట్రీస్ ఫెల్ డౌన్. కరెంట్ వాజ్ గాన్. పీపుల్ సఫర్డ్ ఎ లాట్." తప్పులు పెద్దగా లేవు. అయినా ఆ నాలుగు రోజుల భయంలో ఒక్క వంతు కూడా కాగితం మీదికి రాలేదు.

అప్పుడు బోర్డు మీద నేను మూడు ముక్కలు రాశాను. పేపర్ల ఇంగ్లీషు ఇలా ఉంటుందని చెప్పడానికి. "ద సిటీ బోర్ ద బ్రంట్ ఆఫ్ ద సైక్లోన్." "థౌజండ్స్ ఆఫ్ ట్రీస్ వర్ అప్‌రూటెడ్." "పవర్ సప్లై ఈజ్ యెట్ టు బి రీస్టోర్డ్." వీటిలో తెలియని పదం ఏదని అడిగాను. బ్రంట్ ఒక్కటే అన్నారు, అంటే దెబ్బలో పెద్ద వాటా. బోర్‌కి మూలమైన బేర్ తెలుసు, రూట్ తెలుసు, రీస్టోర్ కూడా తెలుసు, ఫోన్లో బ్యాకప్ రీస్టోర్ చేస్తారు కదా. అన్నీ తెలిసినవే, కానీ ఆ వాక్యాలు ఒక్కరి చేతిలోంచి కూడా రాలేదు. చెట్టు కూలితే అప్‌రూట్ అనీ, పోయిన కరెంటు తిరిగి రావడాన్ని రీస్టోర్ అనీ వాళ్ళ బుర్రలో జత పడలేదు.

మన తెలుగు సంగతే చూడండి. వాన కురుస్తుంది. ఎండ కాస్తుంది. గాలి వీస్తుంది. పిడుగు పడుతుంది. వెన్నెల కూడా ఎండలాగే కాస్తుంది. తెలుగు నేర్చుకున్న పరాయి ఊరాయన "ఈరోజు ఎండ బాగా వీస్తోంది" అన్నాడనుకోండి, వ్యాకరణం తప్పు లేదు, అర్థమూ అవుతుంది, కానీ మనవాడు కాడని ఆ ఒక్క ముక్కతో తెలిసిపోతుంది. ఇంగ్లీషులో వాన హెవీ, గాలి స్ట్రాంగ్, పొగమంచు డెన్స్, టీ మళ్ళీ స్ట్రాంగ్. మనం పరీక్ష రాస్తాం కాబట్టి "రైట్ ది ఎగ్జామ్" అనేస్తాం. వాళ్ళు దాన్ని టేక్ చేస్తారు లేదా సిట్ చేస్తారు. పుస్తకాల్లో దీన్ని కొలొకేషన్ అంటారు. నేను క్లాసులో పదానికి తోడు అంటాను. మీకు కరువైంది పదాలు కావు, ఈ తోడు.

దీనికి లెక్కలు కూడా ఉన్నాయి. మైకేల్ వెస్ట్ అనే ఆయన 1953లో ఇంగ్లీషులో ఎక్కువగా వాడే దాదాపు 2,000 పదాల పట్టిక వేశారు. ఆ పట్టిక బయట, పై చదువుల పుస్తకాల్లో పదేపదే వచ్చే పదాలు ఏవో న్యూజిలాండ్‌లో ఆవ్రిల్ కాక్స్‌హెడ్ అనే ఆవిడ 2000లో లెక్క తీశారు. అవి 570 పద కుటుంబాలు. డిసైడ్, డెసిషన్, డిసైసివ్, ఇండిసైసివ్ లాంటివన్నీ కలిపి ఒక్క కుటుంబం కింద లెక్క. ఆ 570లో ఉన్నవి ఎలాంటివంటే సిగ్నిఫికెంట్, ఇండికేట్, రిక్వైర్, ఎస్టాబ్లిష్, మెయింటెయిన్. అన్నీ మీకు తెలుసనే అంటారు. కానీ "హి మెయింటెయిన్డ్ దట్ హి వాజ్ ఇన్నోసెంట్" అంటే? తన తప్పేమీ లేదని మాట మార్చకుండా చెప్తూ వచ్చాడని. మెయింటెయిన్ అంటే నిర్వహణ అని ఒక్క అర్థమే పట్టుకున్నవాళ్ళకి ఈ వాక్యం తట్టదు. మీ లిస్టులో ఉన్నవి గారులస్ (వాగుడు ఎక్కువైన), పల్క్రిట్యూడ్ (అందం) లాంటివి. అలాంటివి ఏడాదికి ఒకసారి కూడా ఎదురుపడవు. పేపర్లూ నవలలూ ఇబ్బంది లేకుండా చదవాలంటే 8,000 నుంచి 9,000 పద కుటుంబాలు కావాలని భాషా పరిశోధకుడు పాల్ నేషన్ 2006లో తేల్చారు. అన్ని పదాలు బట్టీతో రావు, చదవగా చదవగా వస్తాయి. కానీ ముందు ఆ 570 మీ చేతికి అలవాటు కావాలి.

తెలిసిన పదానికి రెండో అంతస్తు ఉంటుందని చెప్పడానికి మన ఊరికంటే మంచి చోటు లేదు. సాయంత్రం బీచ్ రోడ్డులో నిలబడి డాల్ఫిన్స్ నోస్ కొండ వైపు చూస్తుంటే పోర్టులోకి ఓడలు వెళ్తుంటాయి కదా. ఓడ వెళ్ళాక దాని వెనక నీటి మీద తెల్లటి చార కాసేపు నిలుస్తుంది. ఆ చార పేరు వేక్. ఓడ వెళ్ళిపోయింది, అది వెళ్ళిన గుర్తు ఇంకా ఉంది. అందుకే "ఇన్ ద వేక్ ఆఫ్ ద సైక్లోన్" అంటే తుఫాను వెళ్ళిన వెనువెంటనే, దాని ఫలితంగా అని. నిద్ర లేవడంతో దీనికి సంబంధం లేదు. ఒకసారి ఆ చార కళ్ళతో చూస్తే ఈ మాట ఇక మర్చిపోరు. హార్బర్ అందరికీ తెలుసు, ఓడలు తలదాచుకునే చోటు. దాన్నే క్రియ చేస్తే "హార్బర్ ఎ గ్రడ్జ్", కక్షని మనసులో దాచుకోవడం. టైడ్ అంటే సముద్రపు పోటు. "టైడ్ హిమ్ ఓవర్" అంటే కష్టం గట్టెక్కించడం. చూశారా, మనకీ వాళ్ళకీ కష్టం అంటే నీళ్ళే గుర్తొచ్చాయి. గాలికి ఓడ దారి తప్పి పక్కకు జరగడాన్ని లీవే అంటారు, ఇప్పుడు ఆఫీసుల్లో "గివ్ హిమ్ సమ్ లీవే" అంటే కాస్త వెసులుబాటు ఇవ్వమని. రైల్లో బెర్త్ అంటే మనకు తెలుసు, పోర్టులో ఓడ ఆగే చోటూ బెర్తే. ఎవరినైనా దూరం పెట్టడం "గివ్ హిమ్ ఎ వైడ్ బెర్త్". ఇలా ఒక్క సముద్రం చుట్టూనే నోటుబుక్కులో నాలుగు పేజీలు నిండుతాయి.

ఇంకొకటి, పెద్ద పదం పెడితే పెద్ద ఇంగ్లీషు అవుతుందని అనుకోకండి. తెలుగులో నీళ్ళు, జలం రెండూ ఒకటే కదా? "కాస్త జలం ఇవ్వండి" అని హోటల్లో అడగం. అలాగని జలపాతాన్ని నీళ్ళపాతం అనం. ఇల్లు, గృహం కూడా అంతే. "గృహానికి వెళ్తున్నాను" అంటే ఇంట్లోవాళ్ళు నవ్వుతారు, "గృహప్రవేశం" మాత్రం ఆ మాటతోనే చెప్పాలి. మనకు సంస్కృతం పై అంతస్తుకు వచ్చి కూర్చున్నట్టే, ఇంగ్లీషుకు 1066లో నార్మన్లు ఇంగ్లాండుని గెలిచాక ఫ్రెంచి మాటలు వచ్చి కూర్చున్నాయి. గెట్, ఆస్క్, హెల్ప్, స్టార్ట్ కింది అంతస్తు. అబ్టెయిన్, ఎంక్వయిర్, అసిస్ట్, కమెన్స్ పై అంతస్తు. టీమ్ మేట్‌కి మెయిల్ రాస్తూ "ఐ షల్ కమెన్స్ ద వర్క్" అంటే గృహానికి వెళ్ళినట్టే ఉంటుంది. క్లయింట్‌తో ఒప్పందం కాగితంలో కమెన్స్ సరిగ్గా సరిపోతుంది. ఈ తేడా తెలుగులో మీకు పుట్టుకతో తెలుసు. ప్రతి కొత్త ఇంగ్లీషు పదం దగ్గరా ఒక్క ప్రశ్న వేసుకోండి, ఇది నీళ్ళా, జలమా?

ఇప్పుడు గ్రామర్. మీ మూడు వాక్యాలు ఇవి. "ఐ యామ్ వర్కింగ్ ఆన్ దిస్ ప్రాజెక్ట్ సిన్స్ టూ ఇయర్స్." "డైలీ ఐ విల్ సెండ్ ద రిపోర్ట్." "ఐ డోంట్ నో వై ఈజ్ ద సర్వర్ స్లో." ఈ మూడు తప్పులూ అజాగ్రత్త వల్ల వచ్చినవి కావు. మూడింటి వెనకా చక్కటి తెలుగు వాక్యాలు ఉన్నాయి. మీ తప్పులు ఇంగ్లీషులో వెతికితే దొరకవు, తెలుగులో దొరుకుతాయి. నేను పదేళ్ళు పాఠాలు చెప్పాక గానీ ఈ సంగతి గట్టిగా తెలుసుకోలేదు, తెలిశాక నా పాఠం చెప్పే పద్ధతే మార్చేశాను.

రెండో వాక్యం ముందు చూద్దాం. "రోజూ రిపోర్ట్ పంపుతాను." "రేపు రిపోర్ట్ పంపుతాను." క్రియ ఒక్కటే, పంపుతాను. అలవాటుకీ రేపటికీ తెలుగులో ఒకే రూపం. ఇంగ్లీషులో రెండు వేరు. రేపటికి "విల్ సెండ్", అలవాటుకి వట్టి "సెండ్". మనవాళ్ళు పంపుతాను కనబడగానే విల్ పెట్టేస్తారు. ఈ ఒక్కటి దిద్దుకుంటే ఆఫీసు మెయిల్లో సగం విల్‌లు ఎగిరిపోతాయి.

మొదటి వాక్యం. "రెండేళ్ళ నుంచి పనిచేస్తున్నాను." తెలుగులో ఇది మామూలు వర్తమానం. ఎప్పుడో మొదలై ఇప్పటికీ నడుస్తున్న పనికి ఇంగ్లీషు వేరే రూపం అడుగుతుంది, "ఐ హావ్ బీన్ వర్కింగ్". ఇక "నుంచి" ఒక్క మాటే రెండు పనులు చేస్తుంది. రెండేళ్ళ నుంచి, 2022 నుంచి. వ్యవధి అయితే ఫర్, మొదలైన గడియ అయితే సిన్స్. దీనికి చుట్టం లాంటిదే ఇంకొకటి. "చూశాను" అనే ఒక్క మాటలో సా, హావ్ సీన్ రెండూ ఉన్నాయి. వాక్యంలో నిన్న, పోయిన వారం, 2014లో అని గడిచిపోయిన కాలం గట్టిగా చెప్పేస్తే హావ్ పెట్టకూడదు. "ఎస్టర్డే ఐ హావ్ సీన్" అనేది మన దగ్గర పెద్ద ఉద్యోగాలు చేసేవాళ్ళ నోట కూడా వింటుంటాను.

మూడో వాక్యానికి మందు తెలుగులోనే ఉంది. "సర్వర్ ఎందుకు స్లోగా ఉంది?" అని అడుగుతాం. కానీ "సర్వర్ ఎందుకు స్లోగా ఉందో తెలియదు" అంటాం. ఆ చివరి "ఓ" చూడండి. ఇక్కడ ప్రశ్న నేరుగా అడగడం లేదు, ఇంకో వాక్యంలో ఒదిగిపోయిందని చెప్పే గుర్తు అది. ఎక్కడుందో, ఎవరొచ్చారో, ఎంతయిందో. తెలుగులో ఆ "ఓ" వినబడిన చోటల్లా ఇంగ్లీషులో ప్రశ్న వరుస మానేసి మామూలు వరుసలోకి రావాలి. "వై ద సర్వర్ ఈజ్ స్లో", "వేర్ హి ఈజ్". ఈ కిటుకు చెప్పిన రోజునే చాలామంది పిల్లలు ఆ తప్పు మానేశారు.

ఆర్టికల్స్ సంగతి అంత తేలిగ్గా తేలదు, ఎందుకంటే మన భాషలో అవి లేవు. అయినా ఆ ఆలోచన మనకు ఉంది. "పుస్తకం చదివాను" అంటే ఏదో ఒకటి. "పుస్తకాన్ని చదివేశాను" అంటే మనిద్దరికీ తెలిసిన పుస్తకం అన్నట్టు వినబడుతుంది. ఎక్కువసార్లు ఆ "ని" వచ్చిన చోట ద వస్తుంది. రాసేటప్పుడు నామవాచకం దగ్గర ఆగి, ఏది అని చదివేవాళ్ళు అడుగుతారా, వాళ్ళకే తెలిసిపోతుందా అని ఆలోచించండి. తెలిసిపోతే ద. అడిగేలా ఉండి, లెక్కపెట్టగలిగేదీ ఒక్కటే అయితే ఎ. అడ్వైస్, ఇన్ఫర్మేషన్, ఎక్విప్‌మెంట్, ఫర్నిచర్ లాంటివి లెక్కపెట్టలేనివి, వాటికి ఎ గానీ చివర ఎస్ గానీ పెట్టకండి.

ఇక మీ రాత చిన్నపిల్లల రాతలా అనిపించడానికి అసలు కారణం వాక్యాలను కలపకపోవడం. తెలుగులో మనం ఎంత సులువుగా కలుపుతామో గమనించండి. "నిన్న బీచ్‌లో మనం చూసిన ఓడ", "ఆఫీసుకి వచ్చి, మెయిల్ చూసి, బాస్‌కి ఫోన్ చేశాను". ఇంగ్లీషులోకి వచ్చేసరికి ముక్కలు ముక్కలు చేసి మధ్యలో యాండ్ పెడతాం. మొదటిదానికి "ద షిప్ వి సా ఎట్ ద బీచ్ ఎస్టర్డే" అని, వర్ణన అంతా నామవాచకం వెనక్కి చేర్చాలి. తెలుగులో ముందుండేది అక్కడ వెనక ఉంటుంది. రెండోదానికి "హావింగ్ సీన్ ద మెయిల్, ఐ కాల్డ్ మై మేనేజర్" లాంటివి సాధన చేయండి. ఒక్క జాగ్రత్త. "వాన పడి రోడ్డు పాడైంది" అని తెలుగులో హాయిగా అనొచ్చు, పడింది వాన, పాడైంది రోడ్డు. ఇంగ్లీషులో అలా కలిపితే కుదరదు. కామా ముందు పనీ తర్వాత పనీ ఒకరివే కావాలి. "వాకింగ్ ఎలాంగ్ బీచ్ రోడ్, ద షిప్ లుక్డ్ స్మాల్" అంటే ఓడ బీచ్ రోడ్డు మీద నడిచినట్టు.

అడ్వాన్స్‌డ్ అని మీరు అంటున్నది నా దృష్టిలో ఇంకొక చోట కూడా ఉంది. తెలుగులో మాట చివర చిన్న తోక తగిలించి ఎంత చెప్పేస్తామో చూడండి. "వచ్చాడట", నేను చూడలేదు, విన్నాను. "వస్తాడేమో", ఖాయం కాదు. "నిన్ననే వచ్చాడు", నిన్న, మొన్న కాదు. ఈ ఛాయలు ఇంగ్లీషులో చెప్పలేక మనం అన్నీ ఒకే గట్టి గొంతుతో రాసేస్తాం, లేకపోతే "నిన్ననే"కి "ఎస్టర్డే ఓన్లీ" అంటాం. అట అంటే అపారెంట్లీ, రిపోర్టెడ్లీ, ఈజ్ సెడ్ టు. ఏమో అంటే మైట్, పర్‌హాప్స్, ఈజ్ లైక్లీ టు. నిన్ననే అంటే "ఇట్ వాజ్ ఎస్టర్డే దట్ హి కేమ్". క్లయింట్‌కి "ద డేటా ఈజ్ రాంగ్" అని రాయడానికీ "దేర్ అపియర్స్ టు బి ఎన్ ఎర్రర్ ఇన్ ద డేటా" అని రాయడానికీ ఎంత తేడా ఉందో మీకే తెలుస్తుంది.

ఈ ఛాయలు తప్పితే ఏమవుతుందో నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో చూశాను. పిల్లల సర్టిఫికెట్ల పార్సిల్ ఒకటి రావలసిన రోజుకి రాలేదు. పోయిందేమోనని నాకు అనుమానం. అనుమానం అంటే డౌట్ కదా అని పంపినవాళ్ళకి "ఐ డౌట్ ద పార్సిల్ ఈజ్ లాస్ట్" అని రాశాను. ఇంగ్లీషులో దాని అర్థం తలకిందులు. పార్సిల్ పోయిందని నేను అనుకోవడం లేదు అని. వాళ్ళు నిశ్చింతగా ఊరుకున్నారు. పది రోజులు ఎవరూ వెతకలేదు. ఇద్దరు పిల్లలకి అడ్మిషన్ గడువు దగ్గర పడి, వాళ్ళ నాన్నలు రోజూ వచ్చి నా టేబుల్ ముందు నిలబడేవారు. ఆ ముఖాలు ఇప్పటికీ గుర్తే. రాయాల్సిన మాట సస్పెక్ట్. జరిగిందేమోనని అనుమానం అయితే సస్పెక్ట్, జరగలేదేమోనని అయితే డౌట్. ఆ రెండు పదాలూ నాకు అప్పటికే వచ్చు. వాటి మధ్య గీత ఎక్కడుందో తెలియదు.

మరి ఆ 40 నిమిషాల్లో ఏం చేయాలి? నేను నమ్మే పద్ధతి ఒక్కటే, చాలా పాతది. రోజుకు ఒక్క పేరా తీసుకోండి, ఆరేడు వాక్యాలు చాలు. పొద్దున్న దాన్ని తెలుగులోకి రాయండి, మీరు ఇంట్లో మాట్లాడుకునే తెలుగులోకి. ఇంగ్లీషు కాగితం దాచేయండి. రాత్రి ఆ తెలుగు చూసి తిరిగి ఇంగ్లీషులోకి రాయండి. తర్వాత అసలుది బయటికి తీసి పక్కపక్కన పెట్టి, తేడా వచ్చిన ప్రతి చోటా ఎర్ర పెన్నుతో గీయండి. అమెరికా నేత బెంజమిన్ ఫ్రాంక్లిన్ కుర్రతనంలో దాదాపు ఇలాగే రాత నేర్చుకున్నాడు. మంచి వ్యాసం చదివి, చిన్న గుర్తులు రాసుకుని, కొన్నాళ్ళాగి సొంతంగా తిరగరాసి, అసలుదానితో పోల్చుకునేవాడు.

ఏ పేరా తీసుకోవాలి అంటారా? వాయుగుండం పట్టిన రోజుల్లో వాతావరణ శాఖ బులెటిన్‌తో మొదలుపెట్టండి. తుఫాను హెచ్చరికల కేంద్రం మన ఊళ్ళోనే ఉంది, అదే కబురు తెలుగు పేపర్లోనూ దొరుకుతుంది. ఒక్క వాక్యం చూద్దాం. "మత్స్యకారులు సముద్రంలోకి వేటకు వెళ్ళవద్దు." దీన్ని మీరు రాత్రి ఇంగ్లీషులో రాస్తే "ఫిషర్‌మెన్ షుడ్ నాట్ గో ఇంటు ద సీ" అని వస్తుంది. తప్పు లేదు. బులెటిన్‌లో ఉండేది "ఫిషర్‌మెన్ ఆర్ అడ్వైజ్డ్ నాట్ టు వెంచర్ ఇంటు ద సీ". ఎర్ర పెన్ను రెండు చోట్ల పడుతుంది. ఒకటి "ఆర్ అడ్వైజ్డ్ నాట్ టు", ఎవరు చెప్పారో లేకుండా మర్యాదగా చెప్పే ఆఫీసు వాక్యం, రేపు మీ మెయిల్లో "యూజర్స్ ఆర్ అడ్వైజ్డ్ నాట్ టు రీస్టార్ట్" అయిపోతుంది. రెండోది వెంచర్. అది వట్టి వెళ్ళడం కాదు, ప్రమాదం ఉందని తెలిసీ తెగించి వెళ్ళడం. తోడుగా ఇంటు వచ్చింది. ఒక్క వాక్యంలో ఒక క్రియ, దాని తోడు, ఒక వాక్య నిర్మాణం మీ సొంతమయ్యాయి. ఇలాంటివి రోజుకు మూడు పట్టుకుంటే చాలు, అంతకుమించి రాసుకోవద్దు.

నోటుబుక్కులో పదం పక్కన అర్థం రాయకండి. దొరికిన వాక్యం మొత్తం రాసి, దాని కింద మీ జీవితంలోంచి ఇంకో వాక్యం రాయండి. నేర్చుకున్నది ఎంత వేగంగా జారిపోతుందో జర్మన్ మనస్తత్వవేత్త ఎబ్బింగ్‌హౌస్ 1885లోనే తనమీద తానే పరీక్షలు చేసి చూపించాడు. అందుకని మర్నాడు ఒకసారి, నాలుగో రోజు, పదో రోజు, నెలకి, ఇలా ఎడం పెంచుకుంటూ వెనక్కి వెళ్ళి చూడండి. అంకీ అనే యాప్ ఈ లెక్క తనే చూసుకుంటుంది, ఆండ్రాయిడ్‌లోనూ కంప్యూటర్‌లోనూ ఉచితం. కానీ అందులో తయారుగా దొరికే పదాల మూటలు దించుకోవద్దు, మీ వాక్యాలే ఎక్కించండి.

డిక్షనరీ కూడా మార్చాలి. ఇంగ్లీషు-తెలుగు నిఘంటువులో డౌట్ దగ్గర సందేహం, అనుమానం అని ఉంటుంది. నేను పడ్డ గొయ్యి అదే. నేర్చుకునేవాళ్ళ కోసమే రాసిన ఇంగ్లీషు-ఇంగ్లీషు డిక్షనరీలు వేరే ఉన్నాయి. జపాన్‌లో ఇంగ్లీషు చెప్పిన హార్న్‌బీ అక్కడి పిల్లల అవస్థ చూసి చేసిన డిక్షనరీ 1942లో టోక్యోలో అచ్చయింది, ఇప్పటి ఆక్స్‌ఫర్డ్ లెర్నర్స్ డిక్షనరీ దాని వారసురాలే. పదం లెక్కపెట్టగలిగేదా కాదా, తర్వాత టు వస్తుందా ఇంగ్ వస్తుందా, ఏ పదం తోడు, అన్నీ అందులో ఉంటాయి. ఆన్‌లైన్‌లో ఉచితంగా చూడొచ్చు. ఆదివారం ఫోన్‌కి దూరంగా కూర్చోవాలనుకుంటే ద్వారకానగర్ పబ్లిక్ లైబ్రరీకి వెళ్ళండి. నా విద్యార్థులకి ఎప్పుడూ చెబుతుంటాను.

ఐఎల్‌టీఎస్ గురించి పెద్దగా చెప్పేది లేదు. రైటింగ్‌లో మార్కులు నాలుగు వంతులు. అడిగినదానికి సమాధానం, వరుస, పదాలు, గ్రామర్. పదాలకు పావు వంతే. ఆ పావు వంతులో కూడా 6 నుంచి 7కి వెళ్ళాలంటే అంతగా వాడుకలో లేని పదాలను తోడు ఎరిగి, సందర్భం ఎరిగి వాడాలని వాళ్ళే రాసిపెట్టారు. తప్పులేని వాక్యాలు తరచుగా ఉండాలన్నది గ్రామర్‌లో షరతు. బట్టీ పట్టిన గారులస్ ఒకటి ఇరికిస్తే మార్కు పెరగదు, చాలాసార్లు తగ్గుతుంది.

మన దేశపు ఇంగ్లీషు అంతా తప్పేనా అని కూడా అడిగారు. కాదు. ప్రీపోన్, అంటే ముందుకు జరపడం, మన దగ్గర బాగా వాడుకలో ఉన్న మాట, ఆక్స్‌ఫర్డ్ డిక్షనరీలోకీ ఎక్కింది. ఇక్కడి ఆఫీసులో వాడండి. అయితే అమెరికా క్లయింట్‌కి "ఐ పాస్డ్ అవుట్ ఇన్ 2019" అని రాస్తే స్పృహ తప్పి పడిపోయారనుకుంటారు, గ్రాడ్యుయేటెడ్ అనండి. డిస్కస్ తర్వాత ఎబౌట్ మానేయండి, అది మన "గురించి". రిటర్న్ బ్యాక్, కోప్ అప్ కూడా అంతే.

ఈ రాత్రికి బులెటిన్ కూడా వద్దు. మీరు పోయిన వారం పంపిన మెయిల్ ఒకటి ప్రింటు తీసుకోండి. ప్రతి వాక్యం పక్కన దాని వెనకున్న తెలుగు వాక్యం రాయండి. పంపుతాను, నుంచి, ఉందో, ట, ఏమో, ఇవి వచ్చిన చోటల్లా ఎర్ర పెన్నుతో సున్నా చుట్టండి. ఆ సున్నాల దగ్గర మాత్రమే ఇంగ్లీషు దిద్ది, మెయిల్ మొదటి నుంచి మళ్ళీ రాయండి. మొదటిసారి గంట పట్టొచ్చు. తేదీ వేసి ఆ కాగితం దాచండి. పది నెలల తర్వాత తీసి చూసేటప్పుడు కావాలి.